వీపుల ఆల్బం

“నేను ఫొటోలు తీసేవాణ్ణి కాదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నా. ఏదో సూదీ దారం నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. కెమెరా అంటే దూరం నుంచి దణ్ణం పెట్టడమే గానీ ముట్టుకున్న పాపాన పోలేదు” అన్నాడు టైలరన్నయ్య, టీ గ్లాసు అందుకుంటూ.

ఆయన ఇంత వినయంగా మొదలెట్టాడంటే మనం జాగ్రత్త పడాలి. నా టీ కొట్టు గోడకి ఆనుకునే ఆయన కుట్టుమిషను, కాబట్టి ఆయన సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. బట్ట కోయడంలో ఎంత నేర్పో మాటలు కోయడంలో అంతకు రెండింతలు. పొద్దున ఆయన చూసిన పిల్లి సాయంత్రానికి పులై ఊరుకోదు, సంసారం కూడా పెట్టేస్తుంది.

మామూలుగా అయితే మధ్యలోనే అడ్డుపడేదాన్ని. ఆ రోజు పడలేదు. వారం కిందట ఆయన మేనకోడలి పెళ్లయింది, ఫొటోలు ఈయనే తీశాడు, ఆల్బం కట్టించి ఆ పిల్ల కొత్త కాపురానికి పంపాడు. బాగున్నాయని గానీ బాగాలేవని గానీ అటునుంచి కబురు లేదు. పెళ్లయినా పక్క వీధిలోనే ఉంటున్న పిల్ల, దారిన పోతూ “మావయ్యా” అని ఒక కేక వేసి పోయే పిల్ల, ఇటువైపు తొంగి చూడలేదు. ఆ దిగులులో మనిషి పోస్టుమాన్ చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. పోస్టుమాన్ మొహమాటస్తుడు, అదే తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు.

“ముట్టుకోనివాడివి ఆ రోజు మాత్రం ఎందుకు ముట్టుకున్నావయ్యా?” అన్నాడు బస్సు కండక్టరు చేసి రిటైరైన పెద్దాయన. ఆయనకి టిక్కెట్టు లేనివాడు దొరికితే ఎంత సంబరమో కోతలు కోసేవాడు దొరికితే అంత సంబరం.

“ముట్టుకోక చస్తానా? పెళ్లికి ఒప్పుకున్న ఫొటోలాయన హాలు మెట్ల మీదే కాలు జారి చెయ్యి బెణికించుకున్నాడు. అక్కడ మా చెల్లెలు చూస్తే నెత్తిన చేతులు పెట్టుకుంది. పెళ్లికూతురు కళ్లలో నీళ్లు. నేను ఆ కెమెరా అందుకుని, ఒక్కసారి అటూ ఇటూ తిప్పి చూశాను. దీనికీ ఒక కన్నే, నా సూదికీ ఒక కన్నే. వెలుతురుని దారంలా ఎక్కించడమే కదా అనిపించింది. ‘అమ్మడూ, మావయ్య ఉండగా నీకెందుకే భయం’ అన్నాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? గుమ్మం దగ్గర బుట్ట పెట్టించి అందరి ఫోన్లూ అందులో వేయించాను. పులి వేటకి బయల్దేరినప్పుడు చుట్టూ కుక్కలు మొరక్కూడదు కదా!”

“అంటే నువ్వు తీసినవి తప్ప ఆ పెళ్లికి ఇంకో ఫొటో లేదా?” అన్నాడు పోస్టుమాన్.

“లేదు” అన్నాడు. అన్నాక టీ లేని గ్లాసుని ఒక గుక్క తాగాడు. మళ్లీ తేరుకుని గొంతు పెంచాడు. “ఉండి ఏం లాభం? నేను మొదటి ఫొటో నొక్కానండీ, ఆ లైటు ఫెళ్లుమని వెలిగింది చూడండి, హాల్లో బల్బులన్నీ సిగ్గుపడి ఆరిపోయాయి. పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లు అక్కడికక్కడే ఆరిపోయాయి, పైగా ఇస్త్రీ చేసినట్టు వచ్చాయి. పెళ్లికొడుకు నాయనమ్మకి కళ్లలో పొరలు, ఆవిడ ఆ వెలుగులో గోడ గడియారం చూసి ‘ఐదు నిమిషాలు వెనకుందర్రా’ అని చెప్పింది. వీధి చివర కోళ్లు తెల్లారిందనుకుని గుడ్లు పెట్టేశాయి.”

“కోళ్లు సరే, కోడిపుంజు ఏం చేసిందేమిటి?” అన్నాడు కండక్టరు.

“మొహమాటపడి అదీ ఒకటి పెట్టింది.”

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ పిల్ల. టైలరన్నయ్య వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు, ఆయనకి కనబడలేదు. చంకలో ఆల్బం. ముఖంలో ఏముందో నాకు అంతుపట్టలేదు, కళ్లు మాత్రం కాస్త ఉబ్బి ఉన్నాయి. నేను నోరు తెరవబోతే పెదాల మీద వేలు పెట్టి వద్దంది. ఆల్బం తెచ్చి మొహాన కొట్టడానికే వచ్చిందేమోనని గ్లాసులు టంగుటంగుమనిపించాను, కళ్లెగరేశాను, దగ్గాను. ఈయన చూస్తేనా!

“ఏమ్మా, టీ పొడి ముక్కులోకి పోయిందా?” అని నన్ను పరామర్శించి మళ్లీ అందుకున్నాడు. “అసలు కిటుకు ఇప్పుడు చెప్తా వినండి. ముఖాలు ఎవడైనా తీస్తాడు. కెమెరా చూడగానే ముఖం అబద్ధమాడుతుంది. పళ్లు ఇకిలిస్తుంది, బుగ్గలు బిగిస్తుంది. వీపు అబద్ధమాడదు. అందుకని నేనేం చేశాను? అన్నీ వెనకనుంచి తీశాను.”

“అన్నీనా?” అన్నాడు కండక్టరు.

“మొదలు నుంచి చివరిదాకా. వీపు తర్వాత వీపు. ఫొటోలు కాగితం మీదికి తీసిచ్చిన స్టూడియో ఆయన చూసి నోరు తెరిచాడు, మూయడం మర్చిపోయాడు. ‘ముందువైపువి వేరే ఉన్నాయా అండీ’ అని అడిగాడు. చూశారా, తనివి తీరలేదు పాపం! ఒక ఫొటో పెద్దది చేసి అద్దాల్లో పెట్టుకున్నాడు. ఇక చూడండి నా సామిరంగా, వచ్చినవాడల్లా ఫొటో వెనక్కి వెళ్లి, పెళ్లికూతురి ముఖం ఎలా ఉందో అని వంగి వంగి చూడ్డమే! గోడకీ ఫొటోకీ మధ్య ఇద్దరు ఇరుక్కుపోతే గోడ కొట్టి తీయాల్సొచ్చింది. ఒక పెద్దావిడ ‘అమ్మా, ఒక్కసారి ఇటు తిరుగు తల్లీ’ అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తిరిగింది” అన్నాం ముగ్గురం.

“తిరిగింది! తిరిగి, ‘మావయ్య ఒప్పుకోడండీ’ అని చెప్పి మళ్లీ అటు తిరిగిపోయింది. అంత క్రమశిక్షణ ఉన్న ఫొటో. ఈ సంగతి తెలిసి ఏడు సముద్రాల అవతల నుంచి పెద్ద పెద్ద ఫొటో మేస్త్రీలు దిగారు. ఇదిగో, ఇక్కడే, మన వీధిలో వరస కట్టారు. అందులో ఒకాయన తన కెమెరా నేలకేసి కొట్టి, ‘ఇన్నాళ్లూ ముఖాలు తీసి బతుకు పాడుచేసుకున్నాను, నన్ను పనిలో పెట్టుకోండి’ అని నా కాళ్ల మీద పడ్డాడు. పోనీలే అని గుండీలు కుట్టే పని ఇచ్చాను.”

“ఏడీ, కనబడడేం?” అన్నాడు పోస్టుమాన్, తన ఎడమ చెయ్యిని కుడి చేత్తో... అంటే రెండో ఎడమ చేత్తో లాక్కుంటూ.

“ఇవాళ సెలవు పెట్టాడు. సరే, మనుషులు రావడం ఒక ఎత్తు. చంద్రుడి సంగతి వినండి. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వీపు చూపించలేదని మీకు తెలుసు కదా, ఎప్పుడూ అదే ముఖం. మొన్న నేను వాకిట్లో మంచం వేసుకుని కూర్చుంటే కిందికి చూసి, ‘దర్జీ, ఎవరికీ చూపించనంటే ఒకటి తీయించుకుంటాను’ అన్నాడు. చుట్టూ చూసుకుని, మెల్లగా అటు తిరిగాడు. తీశాను.”

“ఎలా ఉందన్నయ్యా చంద్రుడి వీపు?” అన్నాను నేను. ఊరుకోలేకపోయాను.

“పనితనం బాగుంది. నడుం దగ్గర ఒక్కచోట వదులు. చెప్పాను, చూసుకుంటానన్నాడు.”

వెనక నిలబడ్డ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలీలేదు.

కండక్టరు మాత్రం టిక్కెట్టు అడగనే అడిగాడు. “చంద్రుడు సరే, ఏడు సముద్రాలు సరే. మీ మేనకోడలు ఏమందయ్యా?”

టైలరన్నయ్య గ్లాసు అడుగు చూశాడు. “అదా? చూసుండదులే. కొత్త కాపురం, తీరికుండొద్దూ” అన్నాడు. తర్వాత ఇంకో గొంతుతో, మాకోసం కాదన్నట్టు అన్నాడు. “చూసే ఉంటుంది. చూసింది కాబట్టే రావడం లేదు. ఆ బుట్టేదో పెట్టకుండా ఉన్నా బాగుండేది. ఎవడో ఒకడి ఫోన్లో దాని ముఖం మిగిలేది.”

అప్పుడు ఆయన వెనకాల క్లిక్‌మని చప్పుడైంది.

“వచ్చాను మావయ్యా” అంది.

ఆయన తిరగలేదు. భుజాలు రెండూ ఒక్కసారి పైకి లేచి కిందికి దిగాయి. ఆ పిల్లే ముందుకొచ్చి, బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని ఆల్బం తెరిచింది.

“ఒక్క ముఖం లేదు మావయ్యా. మా ఆయనవి చెవులు ఉన్నాయి. మావగారి బట్టతల ఉంది. నేనున్నానంటే జడ ఉంది. చూడగానే కోపంతో మంచం కిందికి తోసేశాను. నీ మీద ఒట్టు, మళ్లీ నీ ముఖం చూడకూడదనుకున్నాను.”

“అనుకో అమ్మడూ. అనుకోవాలి” అన్నాడాయన. కోతల్రాయుడి గొంతు ఇంత చిన్నదని ఆ రోజే తెలిసింది నాకు.

“నిన్న అమ్మ వచ్చింది. మంచం కింద ఊడుస్తుంటే దొరికితే చూస్తూ కూర్చుంది. ఇదిగో, ఈ పేజీ దగ్గర ఆగింది. నేను రావడం చూసి చటుక్కున తిప్పేసింది. ఏముందా అని ఆవిడ వెళ్లాక చూశాను.”

మేమందరం వంగి చూశాం. తల్లీ కూతురూ పక్కపక్కన నిలబడ్డారు, వీపులే. తల్లి మెడ నిటారుగా ఉంది. కానీ కింద, ఎవరికీ కనబడకుండా, తన చేతిని వెనక్కి పెట్టి కూతురి బట్టల అంచుని పిడికిట్లో బిగించి పట్టుకుంది. తప్పిపోతామేమోనని సంతలో చిన్నపిల్లలు పట్టుకుంటారే, అలాగ.

“ఆ రోజంతా అమ్మ కంట ఒక్క చుక్క రాలేదు మావయ్యా. నేను ఏడుస్తుంటే ‘ముఖం పాడవుతుంది, సరిగ్గా నిలబడు’ అని కసిరింది. పీడ వదిలిపోతుందిలే అని సంబరపడుతోందేమో అనుకున్నాను. అలిగి, అప్పట్నుంచీ ఆవిడతో ముభావంగానే ఉన్నాను. ముందునుంచి తీసుంటే ఆ కసిరే ముఖమే మిగిలేది నాకు.” కళ్లు తుడుచుకుంది. “పొద్దున్నే వెళ్లి ఆవిడ ఒళ్లో పడి ఏడ్చొచ్చాను. అటునుంచటే ఇటొచ్చాను.”

టైలరన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. “మరి! నేను చెప్పలేదూ! వీపు అబద్ధమాడదని ఇప్పుడే వీళ్లకి...”

“ఆగు మావయ్యా. కళా లేదు, కిటుకూ లేదు” అంది పిల్ల. “నా పెళ్లి బట్టలు కుట్టింది నువ్వు. వీపు మీద కుట్టు బిగువైందని నీకు తెలుసు. ఎక్కడ ఊడి నలుగురిలో నవ్వులపాలవుతానో అని, కెమెరా పట్టుకుని నా వెనకే తిరిగావు. నువ్వు ముందుకు రాలేదు కాబట్టి ముఖాలు రాలేదు. నాకు తెలీదనుకున్నావా? ఆ రోజంతా నీ పళ్ల మధ్య దారం ఎక్కించిన సూది ఉంది!”

కండక్టరు తొడ చరిచి నవ్వాడు. పోస్టుమాన్ నవ్వాడు. టైలరన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి.

“సరే, మాటలు మార్చకు. ఇప్పుడు నేను తీసిన ఫొటో చూసి ఎలా ఉందో నువ్వు చెప్పు” అని తన ఫోను ఆయన చేతికిచ్చింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. వృత్తి ఎక్కడికి పోతుంది! మొహం చిట్లించాడు. “ఎవడమ్మా ఈ మనిషి? భుజం దగ్గర కుట్టు జానెడు ఊడి వేలాడుతుంటే చూసుకోడా? ఇంట్లో చెప్పేవాళ్లు లేరా? ఏ పనికిమాలినవాడు కుట్టాడీ చొక్కా?”

ఆయన మళ్లీ చూశాడు. ఫొటోలో వీపు అవతల నా టీ పొయ్యి ఉంది, రెండు ఎడమ చేతుల చొక్కా ఉంది. మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి తన భుజం తడుముకున్నాడు.

“పెళ్లినాటి చొక్కాయే మావయ్యా. అప్పుడే ఊడింది, ఇంకా అలాగే ఉంది. అందరి వీపులూ నువ్వు చూస్తావు, నీది చూసేవాళ్లు లేరు” అంది పిల్ల. “ఆల్బంలో నువ్వొక్కడివే లేవు. ఇది మొదటి పేజీలో పెడతాను. ముందు కాస్త అటు తిరుగు.”

ఆయన కాలరుకి గుచ్చి ఉన్న సూది తీసి, వెనక నిలబడి కుట్టడం మొదలెట్టింది. కుట్టడం ఆ పిల్లకి బొత్తిగా రాదు. దారం వంకర టింకరగా పోతోంది, ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి. నాకే తెలుస్తోందంటే ఆయనకి తెలీకుండా ఉంటుందా? ఒకసారి సూది గుచ్చుకుంది కూడా. వీధివైపు తిరిగి, కదలకుండా కూర్చుని కళ్లు ఆర్పుతున్నాడు.

కండక్టరుకి ఆ నిశ్శబ్దం పడలేదు. “ఏమయ్యా, మధ్యలో ఆపేశావు. ఆ తర్వాత ఏమైంది?” అన్నాడు.

“ఏమీ కాలేదు” అన్నాడు టైలరన్నయ్య. “మా పిల్లకి ఫొటోలు నచ్చాయి.”