రాఖీకి ఎవరింటికి

సిద్దిపేటలో రెండు గదుల ఇల్లు. తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన అన్న వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. కొత్త చీర కట్టుకున్న చెల్లెలు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"నన్ను చూడనీకి హుస్నాబాదోళ్లు బస్సు దిగిన్రంట అన్నా. జెర సప్పుడు చెయ్యకు."

"నొప్పి లేస్తే?"

"గీ తువ్వాల నోట్లె పెట్టుకో."

"సరే. ముందటి అర్రల గోడకు మొల ఎందుకు కొట్టిన్రే?"

"నీ ఫొటో పెట్టినం."

"నా ఫొటోనా? ఎందుకు?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దండ గూడ ఏసినవా?"

"ఏసిన. మంచంల అన్న ఉన్నడంటే పోయినసారోళ్లు ఛాయ్ గూడ తాగకుండ లేచిపోయిన్రు గదా."

"ఎప్పుడు సచ్చిపోయిన అని చెప్తవ్?"

"చెట్టు మీదికెల్లి పడ్డనాడే అని."

"అబద్ధం గాదు తియ్యి. ఏడ్వకు, కాటుక కారుతది. ఫొటోకు బొట్టు పెట్టినవా?"

"మర్శిపోయిన."

"పెట్టు, లేకుంటే అనుమానపడ్తరు."

"పోతున్న అన్నా. తలుపేస్తున్న."

"ఆగు చెల్లె. గీ లగ్గం కుదిరితే, రాఖీ పున్నమకు ఎవలకు కడ్తనని చెప్పి వస్తవే?"