రికార్డులో చెయ్యి

సాయంత్రం కచేరీ. మధ్యాహ్నం మూడింటికి హాలు వెనక గదిలో ముగ్గురున్నారు. గిటారు వాయించి పాడే పెద్దాయన, బేసు గిటారు వాయించే బండోడు, మూడు నెలల కిందట పోయిన వాళ్ళ డ్రమ్మరు భార్య.

"కుదరదు చెల్లెమ్మా. చెప్తున్నాగా, కుదరదు."

"ఏం కుదరదన్నయ్యా? స్టేజి మీద ఆయన డ్రమ్ములు పెట్టారు. వాటి మీద లైటు వేస్తామన్నారు. మీ మొదటి రికార్డులో ఆయన వాయించింది పెట్టి, దాంతో కలిపి మీరిద్దరూ వాయించమంటున్నా. ఒక్క పాట. ఆయన చెయ్యి అందరూ ఒక్కసారి వినాలి. అంతే."

"పాత రికార్డమ్మా అది. గరగరలాడుతుంది."

"మైకులాయన్ని అడిగా. స్టూడియో టేపు మీ దగ్గర ఉంటే డ్రమ్ములొక్కటే విడిగా పెట్టొచ్చన్నాడు. ఉందిగా?"

"ఆ మైకులోడికి నోరెక్కువ. అయినా వాడెవడు మధ్యలో..."

"గురూ, నేను బయటికెళ్తా. తీగలు బిగించుకోవాలి."

"కూచోరా బండోడా! నన్నొక్కణ్ణీ ఇరికించి పోతావా?"

"ఇరికించడమేంటి? నేను అడిగింది ఇరికించే మాటా? ఏం మరిదీ, నువ్వు చెప్పు."

"నన్ను లాగకు వదినా. గురువెలాగంటే అలాగే."

"ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే పాట నీది."

"బేసు వాయించేవాడికి వేరే పాట ఎవడిస్తాడు వదినా?"

"జోకులు తరవాత వెయ్యి. చెల్లెమ్మా, డ్రమ్ములకి వేరే మనిషిని పిలిచాం. బాగా కొడతాడు. నువ్వు ముందు వరసలో కూచో. చివర్లో పైకి పిలుస్తా. రెండు మాటలు చెప్పు, చాలు."

"ఆ పాట పెట్టకపోతే నేను స్టేజి ఎక్కను. 'డ్రమ్మరు భార్య మాట్లాడతారు' అని గోడలన్నిటికీ కాగితాలు అంటించారుగా. ఎందుకు రాలేదో జనానికి మీరే చెప్పుకోండి."

"ఇదేం పంతమమ్మా? మేం ముగ్గురం ఒక కంచంలో తిన్నోళ్ళం."

"అందుకే అడుగుతున్నా."

"అబ్బబ్బ! వేరే పాట అడుగు, పెడతా. అది మాత్రం..."

"అదే ఎందుకు వద్దు?"

"వద్దంతే."

"అది వాడు వాయించింది కాదు వదినా."

"ఒరేయ్!"

"మనిషే పోయాడు గురూ. ఇంకా ఏం దాస్తాం? వదినా, వాడు వారం రోజులు స్టూడియోలో వాయించాడు. కాదనను. కానీ వాడిది ఉరుకుడు. పాట మధ్యకొచ్చేసరికి మమ్మల్ని వదిలేసి ముందుకెళ్ళిపోయేవాడు. మీరిద్దరూ ఊరెళ్ళినప్పుడు, డబ్బులిస్తే ఎవరికైనా డ్రమ్ములు కొట్టిపెట్టే ఒక కూలి మనిషిని పిలిపించాం. రెండు రోజుల్లో అన్ని పాటలూ మళ్ళీ కొట్టించాం. వాడిది తుడిచేశాం. అట్ట మీద మాత్రం వాడి పేరే వేశాం."

"ఆ మనిషిని తెచ్చింది నువ్వు కాదట్రా? ఇప్పుడు నీతులు చెప్తున్నావు!"

"'మేం' అనే అన్నాగా గురూ."

"ఆయనకెందుకు చెప్పలేదు?"

"బాధపడతాడని చెల్లెమ్మా."

"అబ్బో. ఎంత జాలి."

"చెల్లెమ్మా, తిట్టు. పడతాను. కానీ ఇంకో దారుంది, విను. ఆ మరుసటేడు స్టేజి మీద వాయించిన టేపు నా దగ్గరుంది. అదే పాట. అప్పటికి వాడి ఉరుకుడు పోయింది. గడియారంలా కొట్టాడు. అది వాడి చెయ్యే, ఒట్టు. అది పెడతా. సరేనా?"

"అదీ ఆయన చెయ్యి కాదన్నయ్యా."

"అదేంటి? మా కళ్ళ ముందు కొట్టాడు!"

"గురూ, ఆగు. వదినా... వాడికి తెలుసా?"

"రికార్డు ఇంటికొచ్చిన రోజే తెలుసు. నాకూ తెలుసు, మీ నోటితో మీరే చెప్తారనే ఆ పాట అడిగా. మొదటి పాట సగంలో ఆపేసి 'ఇది నేను కాదే' అన్నాడు. ఆ తరవాత నాలుగు నెలలు గది తలుపేసుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, మీ కూలి మనిషి కొట్టినట్టే కొట్టడం నేర్చుకున్నాడు. స్టేజి మీద మీ అబద్ధం బయటపడితే మీరిద్దరూ బాధపడతారని."