మెట్రో మెట్ల మీద గోషా పిలుపు

“అమ్మమ్మా, నిన్న మెట్రో మెట్ల మీద గంత గట్టిగ ఎందుకు ఒర్లినవ్? ఒర్లినవ్, మల్ల ఆడ్నే కూలవడ్డవ్.”

ఆఁ, అడుగుతవని ఎర్కనే. జెర మెల్లగ చెప్పనియ్యి. నవ్వొద్దు కని.

నువ్వేమో లిఫ్టుల పోదామంటివి. నాకు ఆ డబ్బా అంటె భయం, మెట్లే ఎక్కుత అన్న. రోడ్డు నడుమ ఖంబాలు, వాటి మీదికెల్లి రైలు. ఫుట్‌పాత్ కాడికెల్లి ఇటు మెట్లు, అవుతల దిక్కు గూడ మెట్లు. ఎక్కితె నడిమంతస్తుల టికెట్లిచ్చే జాగ, ఆడికెల్లి ఇంకో వర్స ఎక్కితె రైలు ఆగే జాగ. గంతే గదా? గదంత నాకు తర్వాత తెలిసింది. నేను ముందు సగం మెట్లెక్కి, మలుపు కాడ దమ్ము తీస్కుందామని ఆగిన. ఇనుప జాలీలకెల్లి కిందికి చూసిన. చూసి దంగయిపోయిన బిడ్డ.

ఎందుకంటె ఆ మెట్లున్న జాగ మనదే. మా నాయిన ఇల్లుండె ఆడ. రోడ్డు పెద్దగ చేసినప్పుడు పోయింది, మీ అమ్మ పుట్టకముందు... కాదు కాదు, మీ అమ్మ బడికి పోవుడు షురూ చేసినంక. రాంగోపాల్‌పేట్‌ల పాతోళ్లను అడుగు, చెప్తరు. ఆ మలుపు సక్కగ మా మిద్దె ఎత్తుకే వచ్చింది. మిద్దె మీద నిలవడితె ఎట్ల కనవడ్తుండెనో గట్లనే కనవడ్డది ఖాలా వాళ్ల వాకిలి. అదే చేదబాయి, ఇప్పుడు మీద రేకు కప్పిండ్రు. అదే తలుపు.

ఖాలా అంటె పక్కింటామె. సొంత చిన్నమ్మ కాదు, పిలుపుకు ఖాలా. మా నాయిన చీరెలకు రంగులేసేటోడు గదా. ఒక్క చీరెకు రెండణాలు, అది గూడ నిజాం సిక్కాల. కంటోన్మెంట్ల దొరసాన్లు గౌన్లు పంపితె వాళ్ల పైసలు వేరే ఉండె. ఏం చెప్తున్న? ఆఁ, చీరెలు. దినాం మిద్దెక్కి ఆరేసుడే పని. పక్కింటోళ్లది గోషా ఆయె, ఆడోళ్లు పరాయి మొగోళ్ల కండ్లవడరు. అందుకని నాయిన మొదటి మెట్టు మీద కాలువెట్టకముందే “గోషా” అని పిలిచేటోడు. ఖాలా, ఆమె కోడలు, బిడ్డ జుబేద లోపటికురికి తలుపేసుకునేటోళ్లు. తలుపు ధడేల్‌మంటె అప్పుడు నాయిన ఎక్కేటోడు. అది రివాజు. నాకేం అవసరం లేకున్న నేను సుత గట్లనే పిలిచి ఎక్కుతుంటి, జుబేద కింద పడి పడి నవ్వేది. నా ఈడుదే.

ఇగ పోలీస్ యాక్షన్ వచ్చె. మీదికెల్లి విమానాలు, దుకాన్లు బంద్. ఎవలను చూసి ఎవలు భయపడాల్నో తెల్వని దినాలు. ఖాలా పెనిమిటి రైల్ల గార్డు, గార్డు సాబ్ అంటుంటిమి. ఒకనాడు తెల్లారి చూస్తె వాళ్లింటికి బయట ఇంత పెద్ద తాళం. కాప్రా దిక్కు చుట్టాలింటికి పోయిండ్రని గల్లీ అంత అనుకున్నది. ఒక్క మాటన్న చెప్పకపాయె అని మా అమ్మ ఏడ్చింది.

ఆ పగటాల నాయిన, చిన్నాయిన ఆరిన చీరెలు తెద్దామని పోయిండ్రు. ఎంబడి నేను. నాయినకు అలవాటు గదా, గోషా అని పిలిచిండు. తాళానికి పిలుస్తున్నవా అన్న అని చిన్నాయిన నవ్వవట్టె. ఆ నవ్వు నోట్లెనే ఉన్నది, ఖాళీ ఇంట్ల తలుపు ధడేల్‌మన్నది. చెంబేదో దొర్లింది, గొళ్లెం పడ్డ సప్పుడయ్యింది.

నాయిన పిల్లి అన్నడు.

“పిల్లి గొళ్లెం పెడ్తదా అన్నా?” అన్నడు చిన్నాయిన, మెల్లగ.

మా చిన్నాయిన నోట్ల నువ్వుగింజ నానది. ఆయనకు తెలిసిందంటె గల్లీకి తెలిసినట్టె. తాళాలేసిన ఇండ్లు పలగ్గొట్టి దోసుకుంటున్నరని అప్పటికే వింటున్నం. నాయిన ఆయన చెయ్యి వట్టి తన నెత్తి మీద పెట్టుకున్నడు. ఈ మాట నోరు దాటితె నన్ను సంపినట్టే అన్నడు.

సంగతేందంటె, గార్డు సాబ్ డ్యూటీకి పోతు ఆడోళ్లను లోపట పెట్టి బయట తాళమేసిండు. ఖాళీ ఇల్లనుకొని ఎవలు రారని. రైళ్లు ఆగె, ఆయన ఎక్కడ్నో చిక్కె. లోపట పిండి అయిపాయె. నాయిన మిద్దె మీద మొకం అటు తిప్పుకొని నిలవడి, రొట్టెలు గుడ్డల కట్టి తాడుతోని దించేటోడు. అవుతలికెల్లి తాడు గుంజితె తీస్కున్నట్టు. ఒక్క మాట లేదు.

ఒకనాడు గడ్డపారలు వట్టుకొని ఓ గుంపు గల్లీలకొచ్చింది. ఎవలో ఏమో, మనోళ్లు కాదు. అదే నువ్వుగింజ చిన్నాయిన ఏం చేసిండంటవ్, వాళ్లు వస్తున్నరని తెలిసి ముంగట్నే ఆ తాళానికి వేపమండలు కట్టి, గడపకు పసుపు రాసి, అరుగు మీద కూసున్నడు. ఇంటిల్లిపాదికి అమ్మవారు పోసింది, మేమే తాళమేసినం, పోతె లోపటికి పోండ్రి అన్నడు. మశూచి అంటె గప్పుడు మాటలా? గుంపు దూరంకెల్లే దండం పెట్టి మర్లిపోయింది. ఆ నోరే బిడ్డ ఇల్లు కాపాడింది.

మల్ల ఎవలన్న వస్తరేమోనని వేపమండలు అట్లనే ఉంచినం. అదే మేం చేసిన తప్పు. రైళ్లు నడిచినంక గార్డు సాబ్ వచ్చిండు. గడ్డం పెరిగింది, గుర్తు వట్టరాలే. ఎండిన వేపమండ చూసి గడప కాడ కూలవడ్డడు. చేతిల తాళంచెవి ఉన్నది, తియ్యడు.

“ఎవరు పోయిండ్రో ముందు చెప్పుండ్రి, అప్పుడు తీస్త” అంటడు.

అందరు సల్లగున్నరని నాయిన ఎంత చెప్పినా నమ్మడు, చెవులు మూసుకుంటడు. ఓదార్సనీకి అంటున్నరనుకున్నడు పాపం. లోపటికెల్లి ఖాలా పలుకదు. గల్లీల అంతమంది పరాయి మొగోళ్లాయె, వాళ్లకు గొంతు సుత గోషానే. ఈయన ఈడ్నే సస్తడేమో అనుకున్న.

అప్పుడు నాయిన మా ఇంటి దిక్కు ఉరికిండు. మిద్దె మెట్ల కాడికి పోయి, పానమంత వెట్టి గోషా అని పిలిచిండు.

లోపట తలుపు ధడేల్‌మన్నది.

గార్డు సాబ్ తలెత్తిండు. ఆ మొకం నేను సచ్చేదాంక మర్వ. గడపకు నెత్తి ఆనిచ్చి ఏడ్చిండు, మా చిన్నాయినే తాళం తీసిండు.

అంత ఎన్నడో అయిపాయె. జుబేద పోయి శానేండ్లాయె, ఇల్లు ఎన్ని చేతులు మారిందో. నిన్న ఆ మలుపు కాడ నేను పిలువలే, నా నోరు పిలిచింది. జనం అందరు చూసిండ్రు, ఆ యూనిఫాం పోరడు సీటీ ఊదిండు, నువ్వు సిగ్గువడ్డవ్. నువ్వు కిందికి చూడలే కని, నల్లా కాడ ఓ మీసాలాయన లంగోటి మీద తానం చేస్తుండె. నా పిలుపుకు మీదికి చూసిండు. జాలీల ముసల్దాని మొకం చూసి, సిగ్గయి, తువ్వాల గుంజుకొని లోపటికురికిండు.

ధడేల్‌మన్నది బిడ్డ. అదే తలుపు, అదే సప్పుడు. ఆడ్నే కూలవడ్డ. లోపట వాళ్లున్నరనిపించింది.

ఇగ అడగకు, ఏడుపొస్తది. నువ్వు ఎంత ఎత్తుకన్న ఎక్కు తల్లీ, సల్లగుండు. ఎక్కేముందు ఓ పిలుపు పిలువు, గంతే. నీ పిలుపుకు సప్పుడు చేసే తలుపొకటి పక్కింట్ల ఎప్పటికి ఉండాలె... జెర ఆ మంచినీళ్లు ఇటియ్యి...