ఆయాసం వేరు తవ్విన రోజు

మొక్కల నర్సరీ అమ్మాయి ఖాళీ కుండీ టీ కొట్టు బల్ల మీద పెట్టి, ఆయాసం వేరు మొక్క ఎక్కడైనా ఒక్కటి మిగిలిందా, పిలక దొరికితే పెంచుకుంటాను అంది. అడిగింది వేర్లు తవ్వే మనిషిని. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

"నేను తవ్విన వేరు నువ్వు చూడలేదు కాబట్టి అలా అడుగుతున్నావమ్మా. మా అన్నయ్య ఆయాసంతో మంచం పట్టాడు. కొండ వాలులో చిన్న మొక్క కనిపించింది. గునపం వేశా. మూరెడు తవ్వినా కొస లేదు, బారెడు తవ్వినా లేదు. ఇంకొకడైతే అక్కడికి తెంపుకొచ్చేవాడు. నేనా? ఒక్క పోగు తెగకుండా దాని వెంటే పోయా. అది వాగు కిందకి దూరింది, నేనూ దూరా."

"మరి ఊపిరి?" అన్నాడు బస్సు డ్రైవరు.

"ఆ వాసన పీలుస్తుంటే ఊపిరితో పనేముంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాగు దాటి రోడ్డు కిందకి పోయింది. పైన నీ బస్సే ఆగి ఉంది. వాసన తగిలి లోపల దగ్గేవాళ్లంతా దగ్గు మానేశారు. అంతెందుకు, నీ బస్సే పొగ మానేసింది."

"అదెప్పుడూ మానలేదే."

"ఆ రోజు నువ్వు సెలవులో ఉన్నావులే. చివరికి అవతలి కొండ మీద తేలా. వేరు భుజానికి చుట్టుకుంటే పద్నాలుగు చుట్లు. ముక్కు దగ్గర పెట్టగానే అన్నయ్య లేచి కూర్చుని టీ అడిగాడు. ఆ వాసన ఉంది చూశావూ, తడిమట్టిలో ఏదో తియ్యగా... ఇప్పటికీ ఆ వేరు పెట్టి తెచ్చిన సంచి ఉతకనివ్వను. అప్పుడప్పుడు మొహం పెట్టి చూస్తా. వాసన పోయిందనుకో. అయినా చూస్తా."

ఆ టీ కొట్టు వేర్లు తవ్వే మనిషి వదినదే, ఆ అన్నయ్య భార్యది. ఒకప్పుడు ముగ్గురూ కలిసే తవ్వేవారు. వేరు కోసుకున్నాక, మొగ్గ ఉన్న పై ముక్కను, అంటే తలను, మళ్లీ మొలిచేలా తిరిగి గుంటలో పాతి రావడం వాళ్ల పద్ధతి. ఆమె టీ వడకడుతూనే అడిగింది.

"అన్నీ చెప్పావు మరిదీ. తల గుంటలో పెట్టావా?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "అన్నయ్యకి ఊపిరి అందడం లేదు వదినా. పరుగెత్తుకొచ్చేశా."

"అది జానెడు వేరు. నేనే నూరాను, తలతో సహా. ఆ తర్వాత ఆ మొక్క కొండ మీద మళ్లీ కనిపించలేదు. మీ అన్నయ్య ఆ చలికాలం గట్టెక్కాడు, కాదనను. మరి తొమ్మిదేళ్లుగా తొలి వాన పడగానే గునపం లేకుండా కొండకి ఎందుకు వెళ్తున్నావో అది కూడా చెప్పు ఆ అమ్మాయికి."

అమ్మాయి కుండీ తీసుకోబోయింది. ఆయన దాని అంచు మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడే ఉంచమ్మా. ఈ ఏడు వాన ఇంకా పడలేదు."