ఆడవాళ్ళ గదిలో తీసిన వీడియో

దర్శిలో తమ పెళ్ళి వీడియోల షాపులో, చంటిపిల్లను భుజాన వేసుకుని భార్య తన భర్తను నిలదీసింది.

“ఆడవాళ్ళ గదిలో నేను తీసింది ఇన్‌స్టాలో ఎందుకు పెట్టారండీ?”

“పెళ్ళికూతురి నవ్వు బాగా వచ్చింది. నాలుగు బేరాలొస్తాయనుకున్నా.”

“ఘోషా పాటించే ఇంటి పిల్ల, ముసుగు తీసిన మొహం ఊరంతా చూడాలా? ఆడమనిషి తీస్తే పరాయి మగాళ్ళ కంట పడదనేగా మనల్ని పిలిచేది.”

“తీసేశానుగా.”

“మీరు తీశారు. జనం ఫోన్లలోంచి ఎవరు తీస్తారు?”

“యాభై వేల మంది చూశారే. మన వీడియో అంతమంది ఎప్పుడూ చూళ్ళేదు.”

“ఒక్కరైనా ఫోన్ చేశారా?”

“పొదిలి పెళ్ళివాళ్ళు చేశారు.”

“మన చేతిలో ఉన్నది ఆ పెళ్ళొక్కటే. ఏమన్నారు?”

“నిన్ను రావద్దన్నారు.”

“నన్నా? పెట్టింది మీరు కదా.”

“ఆ గదిలోకి వెళ్ళేది నువ్వేగా.”