ఆంజప్ప చుక్క ఎండిన కథ

"ఆ మాత్రలు మింగే ముందు నా కథ వినమ్మా కోడలా. ఆ తర్వాత నీ ఇష్టం!"

బాగలూరులో పిల్లమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చొని, అప్పుడే దించిపోయిన గ్యాసు సిలిండరు మీద చెయ్యి ఆనించి ఆంజప్ప గట్టిగా అన్నాడు. పిల్లమ్మ కూతురు చైత్ర బరువులెత్తే పిల్ల. ఆదివారం క్రిష్ణగిరిలో సెలెక్షను. జిమ్ములో ఎవడో ఆమె చేతిలో స్టెరాయిడ్ మాత్రల అట్ట పెట్టినాడు. "ఈసారి డోపింగు టెస్టుకు సీసా లేదంట. ఒంటేలు చుక్కలు కాయితం కార్డు మీద వేసి, ఎండబెట్టి ల్యాబుకు పంపుతారంట. ఎండిపోయినదాంట్లో ఏం దొరుకుతాది?" అని ధైర్యం చెప్పినాడంట. అట్ట ఇంకా చింపలేదు. పిడికిట్లోనే ఉంది.

"దొరకదా? నన్నడుగు! పోయినేడు బేరిగై జాతరలో నేను గుండు ఎత్తినాను కదా. నలుగురు కూడితే గానీ కదలని రాయి. ఒక్కడినే మోకాలి దాకా ఎత్తినాను. అంతే. ఎక్కువ చెప్పను, నాకు కోతలు చేతకావు."

"మోకాలి దాకానా, చీలమండ దాకానా?" అని టీ తాగతా నితిన్ అడిగినాడు. కర్నూలు నుంచి వచ్చి ఈడ ఫ్యాక్టరీలో పని చేస్తా ఉన్నాడు.

"నువ్వు నిన్న వచ్చినోడివి, సుమ్మనే ఉండప్పా. మోకాలి దాకా వచ్చిందా, జనం ఈలలేసేసరికి తొడ దాకా వచ్చింది, ఆడినుంచి భుజం మీదికి పోయింది. నేను ఎత్తలేదు, అదే పోయింది! అప్పుడు దిగినారు టెస్టోళ్ళు. 'ఈ వయసులో ఇంత బలమా, ఏదో సూది వేసుకున్నాడు' అని నా ఒంటేలు అడిగినారు. ఇచ్చినాను, నాకేం భయం? కార్డు మీద చుక్క పడిందో లేదో, నీడలోనే ఎండిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందన్నా?" పిల్లమ్మ పొయ్యి మీద పాలు కూడా మరిచిపోయింది.

"ఒక చీమ వచ్చి ఆ చుక్క అంచు నాకింది. నాకి ఊరుకుందా? పక్కనున్న రాగుల మూట నెత్తిన పెట్టుకొని పోయింది! ఆ మూట ఆసామి వెనకాలే పరిగెత్తి, కుందారపల్లి దగ్గర హైవే మీద పట్టుకున్నాడు."

"చీమనా?" అన్నాడు నితిన్.

"మూటనప్పా! చీమ యాడ చిక్కుతాది? లారీలను దాటుకొని పోయింది. ఇంక ఆ కార్డును కవర్లో పెట్టినారు. పోస్టాయన కవరు లేపబోయి నడుం పట్టేసి కూలబడినాడు. క్రేను తెచ్చినారు, క్రేను వంగిపోయింది. కడాకు నేనే చంకలో పెట్టుకొని పోయి ల్యాబులో ఇచ్చినాను. మిషను స్టెరాయిడ్ కోసం వెతికింది, వెతికింది. దొరికిందేమి? రాగిసంగటి, ఉలవచారు! మా అవ్వ నా చిన్నప్పుడు తినిపించిన ముద్ద దాకా బయటికి గుంజింది. ఎండితే యాడికి పోతాదమ్మా? మిరపకాయ ఎండితే కారం పోతాదా? ఆ ల్యాబు పెద్దాయన నాకు ఫోను చేసి, 'ఆంజప్పగారూ, మీ చుక్కను ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే గోడ ఒరిగిపోయింది, వచ్చి నిలబెట్టండి' అన్నాడు. పోయినాను, నిలబెట్టినాను!"

నితిన్‌కు టీ పొలమారింది. చైత్ర మాత్రం నవ్వలేదు.

"మామా, ఆ కార్డు మీద పేరుండదు. డోపింగు మీద క్లాసు పెట్టి మాకు చెప్పినారు. నంబరొకటే ఉంటాది. ఎవరి చుక్కో ల్యాబోళ్ళకు తెలీనే తెలీదు. ఆయప్ప నీకెట్లా ఫోను చేసినాడు?"

ఆంజప్ప మీసం దువ్వుకున్నాడు. "నా కార్డు నంబరు, నా ఫోను నంబరు ఒకటే పడిందమ్మా. అదృష్టం!"

"జాతరనాడు నడుం పట్టేసింది పోస్టాయనకా, నీకా?" అనింది పిల్లమ్మ. "నూనె రాసింది నేనే కదన్నా."

అందరూ పగలబడి నవ్వినారు. ఆంజప్ప మొహం చిన్నబోయింది. "నవ్వండి. మీ అమ్మ రెక్కలు ముక్కలు చేసుకొని పెంచిందమ్మా నిన్ను. నీ పేరు చెడితే నేను ఓర్చుకోలేను. అందుకే నోటికొచ్చింది చెప్పినాను" అన్నాడు.

చైత్ర పిడికిలి తెరిచి అట్టను చూసింది. "గుండూ కోతే, చీమా కోతే మామా. మిరపకాయ మాట ఒకటి నిజం. ఎండినా పట్టుకుంటారని మాకూ చెప్పినారు. దొరక్కపోయినా సరే, నాకొద్దు ఇది. ఇచ్చినోడి మొహాన్నే కొట్టొస్తాను."

"చూస్తిరా, నా మాటకుండే బలం!" అని ఆంజప్ప మళ్ళీ మీసం మీద చెయ్యేసినాడు.

"ఆ బలంతోనే ఈ సిలిండరు లోపల పెట్టన్నా" అనింది పిల్లమ్మ.

ఆంజప్ప లేచినాడు, వంగినాడు, సిలిండరుకు రెండు చేతులూ వేసినాడు. "ఈరోజు అమావాస్యమ్మా, బరువు ముట్టుకోకూడదు" అని నడుం పట్టుకొని బెంచీ మీదికే వచ్చినాడు.

చైత్ర మాత్రల అట్టను జేబులో కుక్కి, సిలిండరును ఎత్తి భుజాన పెట్టుకొని అంగట్లోకి నడిచింది.

"సంగటి బలమంటే ఇది మామా" అనింది లోపలినుంచి. "కథలు చెప్పదు."