తొలి గంటల్లో ఏం జరుగుతుందో చూసిన మనిషి

మిత్రులారా, ఒలేనా బంధువులారా, ఈ ఎడ్మంటన్ మంచులో పడి వచ్చిన విద్యార్థులారా! మనందరినీ ఇలా ఒక్కచోట చూస్తే ఆమె ఏమనేది? "మరి ల్యాబులో ఎవరున్నారర్రా?" అని కసిరేది. ఆ కసురు ఇక వినపడదు.

పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ మన కణంలోకి దూరగానే ఏమవుతుంది? కణం ఊరుకోదు. తన డిఎన్ఏను చుట్టి ఉంచే ప్రొటీన్లతోనే వైరస్ డిఎన్ఏనూ చుట్టేసి నోరు నొక్కుతుంది. వైరస్ ఆ చుట్టు విప్పుకుని, ఎదురు తిరిగి కణం జన్యువుల నోరే మూయించాలని చూస్తుంది. ఎవరిది పైచేయి? తొలి గంటల్లోనే చాలావరకు తేలిపోతుంది. ఒలేనా హావ్రిల్యుక్ జీవితం ఆ గంటల మీదే గడిచింది.

మొదట్లో ఎవరు నమ్మారు? ఒక సదస్సులో ప్రొఫెసర్ వాల్డెన్ నవ్వారు. "ఏమ్మా, ఇంట్లో దూరిన దొంగకు ఎవరైనా చొక్కా తొడుగుతారా?"

"చొక్కా కాదండీ, గోనెసంచి! రండి, చూపిస్తా" అంది.

ఆయన నిజంగానే వచ్చారు, నిండు జనవరిలో. ఇద్దరూ కలిసి చేసిన మొదటి ప్రయోగం ఆమెకే ఎదురు తిరిగింది. దాచిందా? ఆయన చూస్తుండగానే ఆ ఫలితాన్ని గోడకు అంటించింది. వెతికితే, ఆ చుట్టును పట్టి చూపించడానికి వాడిన యాంటీబాడీ చెడిపోయిందని తేలింది. మార్చి మళ్ళీ చేశారు. చుట్టు స్పష్టంగా కనపడింది. ఆ సాయంత్రం ఒలేనా వండిన పిరోహీ కుడుములు తింటూ వాల్డెన్ గారు, "నా పాఠం మార్చుకోవాలి తల్లీ" అన్నారు.

ముందు వరుసలో ఉన్న రాక్సాన్ అనుమతితో ఇంకొకటి చెబుతాను. పుట్టిన కొద్ది రోజులకే ఆమె బిడ్డను ఈ వైరస్ తీసుకుపోయింది. ఆమె వచ్చి ఒలేనా గది తలుపు తట్టి అడిగింది: "నా ముద్దే నా పాపను చంపిందా? నిజం చెప్పండి."

మనమైతే ఏం చెప్పేవాళ్ళం? ఓదార్చడానికి ఒక అబద్ధం చెప్పేవాళ్ళం. ఒలేనా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "అయ్యుండొచ్చమ్మా, నాకు తెలీదు. ఈ వైరస్ నాలోనూ ఉంది, కోట్లమందిలో ఉంది. నువ్విచ్చింది ముద్దే. మిగతాది అది చేసింది."

ఇద్దరూ ఏడ్చారు. ఆ తరువాత మా ల్యాబు సమావేశాల్లో ఎవరెంత గొప్ప ఫలితం చూపించినా ఒలేనా ఒకటే అడిగేది: "బాగుంది. ఇందులో రాక్సాన్‌కి చెప్పదగ్గది ఏముంది?" నేడు రాక్సాన్ ప్రసూతి వార్డులకు వెళ్ళి కొత్త తల్లులకు జాగ్రత్తలు చెబుతోంది.

ఆ చుట్టు సడలకుండా బిగించి ఉంచే మందు ఇంకా మన చేతికి రాలేదు. ఒలేనా దాన్ని చూడకుండానే వెళ్ళిపోయింది. ఆసుపత్రి మంచం మీద చివరిగా మాతో అన్నది ఇదీ: "వైరస్‌కి తొందరెక్కువ. మీరు మాత్రం తొందరపడొద్దర్రా, సరిగ్గా చూడండి."

చూస్తాం ఒలేనా.

ఇక అందరం లేచి నిలబడదాం. రాక్సాన్, నువ్వు ఇలా నా పక్కకు రామ్మా. కాసేపు ఎవరమూ ఏమీ మాట్లాడవద్దు.